ఆ కుర్చీతో నేను మాట్లాడలేను మేడం

నేను విజయవాడలో ఒక సీనియర్ కౌన్సెలర్ దగ్గర శిక్షణలో ఉన్న రోజులవి. క్లయింటు ఒప్పుకుంటేనే మేడమ్ నన్ను గదిలో కూర్చోనిచ్చేవారు. ఫోను బయట పెట్టాలి, నోట్సు రాయకూడదు, నోరు మెదపకూడదు. అలా కూర్చుని చూసినవాటిలో ఒక లారీ డ్రైవరు సంగతి ఇది. ఆయన్ని అడిగి, ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను.

ఆయన్ని భార్య వెంటబెట్టుకొచ్చింది. ఆమె చేతిలో కవరు నిండా రిపోర్టులు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, అన్నీ నార్మల్. “గుండెకేం లేదంటున్నారు. మరి ఈ దడేంటి మేడం గారూ? స్టీరింగు పట్టుకుంటే చాలు, ఊపిరాడదు. చేతులు తిమ్మిరెక్కుతాయి. ప్రాణం పోతుందనే అనిపిస్తుంది” అన్నాడాయన. మెడలో కొత్త తాయెత్తు ఉంది. మా కంట పడిందని చొక్కా లోపలికి తోసుకోబోయాడు.

“ఎవరు కట్టించారు?” అని అడిగారు మేడమ్.

“మా అమ్మండీ.”

“కట్టాక కాస్త ధైర్యంగా ఉందా?”

“మొదట్లో ఉందండి.”

“అయితే ఉండనివ్వండి. దాంతోపాటు మనమూ ఇంకొన్ని పనులు చేద్దాం.”

ఆయన భుజాలు కిందికి దిగడం నేను చూశాను. ఎదుటి మనిషిని షరతుల్లేకుండా స్వీకరించాలని కార్ల్ రోజర్స్ 1957లో రాసిన వ్యాసం నేను పరీక్ష కోసం చదువుకున్నదే. అది ఒక తాయెత్తు దగ్గర మొదలవుతుందని మాత్రం ఆ గదిలోనే తెలిసింది.

ఆ రోజే మేడమ్ ఇంకో ప్రశ్న సూటిగా అడిగారు. “చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?” భార్య ఉలిక్కిపడింది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఆయన కాసేపాగి, “అనిపించిందండి. చేసుకోను గానీ అనిపించింది” అన్నాడు. ఆ మాట భార్య వినడం అదే మొదటిసారి. రాత్రీపగలూ ఎప్పుడైనా మాట్లాడవచ్చని టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చారు. నిద్ర బొత్తిగా లేదు కాబట్టి సైకియాట్రిస్టు దగ్గరికీ పంపారు. మందుల విషయం ఆ డాక్టరు చూసుకుంటారని, మధ్యలో సొంతంగా ఆపొద్దని భార్యాభర్తలిద్దరికీ చెప్పారు.

తర్వాతి వారం మేడమ్ ఆయనతో పాటు మా ఆఫీసు మెట్లు గబగబా రెండుసార్లు ఎక్కి దిగారు. పైకొచ్చి రొప్పుతూ, “ఇప్పుడు గుండె ఎలా కొట్టుకుంటోంది?” అన్నారు. “దడదడలాడుతోందండి.” “స్టీరింగు దగ్గర కూడా ఇలాగేనా?” ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని చాలాసేపు చూసుకున్నాడు. “దగ్గర దగ్గర ఇదేనండి. ఇప్పుడు మాత్రం భయం లేదు.” దడ కన్నా, ఆ దడకి మనం చెప్పుకునే అర్థమే మనిషిని పడేస్తుందని 1986లో డేవిడ్ క్లార్క్ ప్యానిక్ గురించి వివరించాడు. ఆ పేరు మేడమ్ ఎత్తనేలేదు. ఆయన ట్రిప్పు లెక్కలు రాసుకునే పుస్తకంలోనే గళ్లు గీసిచ్చారు. ఎక్కడున్నాను, ఏమనుకున్నాను, చివరికి ఏం జరిగింది. డీజిల్ లెక్కల కింద ఆ రాత కూడా చేరింది.

భయపడే పనుల్ని మెట్లుగా పేర్చింది ఆయనే. ఆటోనగర్ షెడ్డులో ఆగి ఉన్న లారీలో కూర్చోవడం, ఇంజన్ స్టార్ట్ చేయడం, బావమరిదిని పక్కన పెట్టుకుని ఇబ్రహీంపట్నం దాకా వెళ్లిరావడం. అన్నీ ఒక్కొక్కటే దాటాడు. నందిగామ దగ్గరికొచ్చేసరికి బండి ఆపేసి వెనక్కి తిప్పాడు. ఆ మరుసటి వారమూ అంతే.

అంతకుముందు ఆయన బండికి ప్రమాదం జరిగింది నందిగామ దాటాకే. రాంగ్ రూట్‌లో వచ్చిన ఒక బైకు కుర్రాడు ఈయన ఒళ్లోనే కన్నుమూశాడు. డ్రైవరు తప్పు లేదని పోలీసులు తేల్చారు. “తప్పు లేదని నాకూ తెలుసండీ” అని ఊరుకున్నాడు.

అభ్యాసాన్ని ఇంకాస్త గట్టిగా చేయిస్తారేమో అనుకున్నాను. మేడమ్ దారి మార్చారు. గెస్టాల్ట్ పద్ధతిలో ఫ్రిట్జ్ పెర్ల్స్ ప్రచారంలోకి తెచ్చిన ఖాళీ కుర్చీని ముందు పెట్టి, ఆ అబ్బాయి అక్కడ కూర్చున్నాడనుకుని మాట్లాడగలరా అని అడిగారు. ఆయన లేచి నిలబడ్డాడు. “ఆ కుర్చీతో నేను మాట్లాడలేను మేడం.” మేడమ్ వెంటనే కుర్చీని గోడవారకి జరిపేశారు. “సరే. మీకెలా కుదురుతుందో చెప్పండి.” “బండిలో అయితే మాట్లాడతానండి. రాత్రి ట్రిప్పుల్లో ఒక్కణ్ణే మాట్లాడుకోవడం నాకు అలవాటే.”

ఆ పై వారం ఆటోనగర్లో ఆగి ఉన్న లారీ క్యాబినే మా గది అయింది. క్లీనరు సీట్లో మేడమ్, వెనక పడక మీద నేను. అద్దానికి వేలాడుతున్న నిమ్మకాయలు, మిరపకాయలు ఎండిపోయి ఉన్నాయి. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, అద్దంలోంచి బయటికి చూస్తూ మొదలుపెట్టాడు.

“బాబూ, నీ ఫోను మోగుతూనే ఉందిరా. అమ్మ అని పేరు కనిపించింది. నేను ఎత్తలేదురా. ఎత్తి ఏం చెప్పను?”

ఆ ఫోను సంగతి అప్పటిదాకా ఏ పోలీసుకీ, చివరికి భార్యకి కూడా చెప్పలేదు. మీ తప్పేం లేదని మేడమ్ సర్దిచెప్పలేదు. ఆయన ఏడుపు నెమ్మదించాక, “ఎత్తి ఉంటే ఆ తల్లికి ఏం చెప్పేవారు?” అని అడిగారు.

“నీ కొడుకు ఒంటరిగా లేడమ్మా, నేను పక్కనే ఉన్నాను అని చెప్పేవాణ్ణి.”

మళ్లీ చెప్పమన్నారు. ఈసారి గొంతు వణకలేదు.

ఇలా వేర్వేరు పద్ధతులు కలిపి చేసే ఇంటిగ్రేటివ్ కౌన్సెలింగ్ అంటే కలగూరగంప అని తీసిపారేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. తిరిగి వస్తూ ఆటోలో అదే అడిగితే, “ఏ పద్ధతి తీసుకున్నా ఈ మనిషికే ఎందుకు, ఇప్పుడే ఎందుకు అన్నదానికి మన దగ్గర జవాబుండాలి. లేకపోతే నిజంగానే కలగూరగంప” అన్నారు మేడమ్. కౌన్సెలరుకీ క్లయింటుకీ మధ్య పొత్తుకి మూడు కావాలని ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో చెప్పాడు. నమ్మకమైన అనుబంధం, ఇద్దరూ ఒప్పుకున్న లక్ష్యం, ఇద్దరూ ఒప్పుకున్న పని. డ్రైవరు కుర్చీని కాదన్న రోజున మేడమ్ పనిని మార్చారు, అనుబంధం చెక్కుచెదరలేదు. పట్టుబట్టి కూర్చోబెట్టి ఉంటే ఆ ఫోను మాట ఎప్పటికీ బయటికొచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

తర్వాత ఆయన నందిగామ దాటి జగ్గయ్యపేట వెళ్లొచ్చాడు. దడ వచ్చిందట, బండి ఆపకుండానే తగ్గిందట. మళ్లీ ఎప్పుడైనా ముదిరితే ఏం చేయాలో ముగ్గురం కలిసి లెక్కల పుస్తకం చివరి పేజీలో రాశాం. రాత్రి ట్రిప్పులు మాత్రం ఇక ఒప్పుకోనన్నాడు.

“అది భయమా, నిర్ణయమా?” అన్నారు మేడమ్.

“కొంచెం భయం కూడా ఉందండి. ఎక్కువ మాత్రం పిల్లల కోసం. రాత్రుళ్లు ఇంట్లో ఉంటాను” అన్నాడు. మేడమ్ దానికి ఎదురు చెప్పలేదు. నెల తర్వాత ఒకసారి భార్యతో కలిసి రమ్మని తేదీ ఇచ్చారు.