చివరి ఆయకట్టుకు నీళ్లు

మన రాయలసీమలో కళ కూడా వానాధారమే. ఈ మాట వింతగా తోచవచ్చును గాని, కడప, కర్నూలు పల్లెల్లో నాటకములాడించే వారిని అడిగి చూడండి. వానలు కురిసి శెనక్కాయ పండిన ఏడాది ఊరివారు ఇంటింటికి చందా వేసుకొని ఉగాదికో, తిరునాళ్లకో పద్యనాటకము ఆడిస్తారు. హార్మోనిస్టుకు, తబలా వాయించే వానికి, స్త్రీ పాత్రలు వేసే వారికి, రంగులు దుస్తులు తెచ్చే వానికి, మైకుసెట్టుకు డబ్బు ఇవ్వాలి. వాన లేని ఏడాది మొట్టమొదట ఆగిపోయే ఖర్చు ఇదే. రైతు చేను ఎండితే నాటకపు మాస్టరు ఇంటిలో పొయ్యి వెలగదు.

ఈ సంగతి మాకు పుస్తకముల వలన కాదు, మా కుమారుని వలన తెలిసినది. మేము కడపలో కాపురమున్నాము. మాలో ఒకరు బడిలో పాఠములు చెప్పుదురు, ఒకరు ఇంటివద్ద కుట్టుపని చేయుదురు. మావాడు చిన్నతనములో క్రిస్మసు నాటకములో గొర్రెల కాపరి వేషము వేసి పాడిన పాట విని, సంఘపు పెద్ద ఒకరు “వీని గొంతు ఊరికే పోనియ్యకండి” అన్నారు. ఆ మాట పట్టుకొని 2017లో వానిని చాగలమర్రి వైపు ఒక పల్లెలోని హార్మోనియము మాస్టరుగారి వద్దకు పంపినాము. అది అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా. మాస్టరుగారు ముస్లిము. ఆయన నేర్పినది హరిశ్చంద్ర నాటకము. అందులో కాటి సీనులో నటులు పాడుచు వచ్చిన పద్యములలో మన గుర్రం జాషువా గారివి ఉన్నవని మావాడు ఆయన నోట విన్నాడు. కళలో ఇటువంటి కలయిక మన పల్లెల్లో సామాన్యమే.

శనివారము సాయంత్రము బస్సెక్కి పోయి, ఆదివారము ఉదయము ఆరాధనకు తిరిగి వచ్చేవాడు. మాస్టరుగారు రుసుము అడిగేవారు కారు. ఏటా ఒక బస్తా జొన్నలు, పండుగకు ఒక జత బట్టలు, అంతే.

వాడు డిగ్రీ ముగించినప్పుడు బెంగుళూరులో నెలకు 18 వేల జీతముతో ఉద్యోగము దొరికినది. బంధువులందరు సంతోషించిరి. మావాడు మాత్రము రెండు దినములు అన్నము సరిగా తినలేదు. “మాస్టరుకు డెబ్బై దాటినాయి. ఆయన దగ్గర ఉండేది నేను ఇంకా సగం గూడా నేర్చుకోలేదు. రెండేండ్లు ఉంటే చాలు” అన్నాడు. రెండు సంవత్సరములు వాడు సంపాదన లేక కూర్చుంటే మా ఇల్లు ఎట్లు గడుచును? వాని చెల్లెలి చదువు ఇంకను ముగియలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుచుండగా ప్రభుత్వపు ఉపకార వేతనము మాట మా చెవిని పడినది.

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ యువ కళాకారులకు ఇచ్చే వేతనము అది. మేము దరఖాస్తు పెట్టిన నాటి నిబంధనల ప్రకారము 18 నుండి 25 ఏండ్ల లోపు వారికి నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేండ్లు ఇస్తారు. దేశమంతటికి ఏటా 400 మంది వరకు. సంగీతము, నృత్యము, నాటకము, చిత్రలేఖనము, జానపద కళలు అన్నియు అందులో ఉన్నవి. గురువు వద్ద గాని, సంస్థలో గాని కనీసము ఐదేండ్లు నేర్చుకొని ఉండాలి. 25 దాటి 40 లోపు వారికి జూనియర్ ఫెలోషిప్ నెలకు 10,000, 40 దాటిన వారికి సీనియర్ ఫెలోషిప్ 20,000 ఉన్నవి. ఇవియు రెండేండ్లకే. ఈ పనులు చూచునది సి.సి.ఆర్.టి. అను ఢిల్లీ సంస్థ.

ఈ మాట చెప్పగానే మా పెద్దాయన ఒకరు అడిగిరి: “నాటకాలాడేవానికి సర్కారు దుడ్డు ఎందుకియ్యాల? రోడ్లు లేవు, నీళ్లు లేవు.” ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. మేమును చాల దినములు ఆలోచించినాము.

మన జిల్లా చరిత్రనే చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామములో వనారస గోవిందరావు గారి కుటుంబము ‘కీచక వధ’ ప్రదర్శించినది. అంతవరకు తోలుబొమ్మలాడించిన వారు ఆనాటి నుండి రంగస్థలము ఎక్కినారు. మగవారే ఆడ వేషములు కట్టే కాలములో వారి ఇంటి స్త్రీలే ఆ పాత్రలు ధరించినారు. ఎన్నో దశాబ్దములు టికెట్ల మీదనే వారు బ్రతికినారు. సినిమా వచ్చిన తరువాత ఆ టికెట్లు చాలలేదు. అటుపిమ్మట ప్రభుత్వపు సహాయము కూడా తోడైనందుననే ఆ పేరు ఈనాటికి నిలిచియున్నది.

ఇంకను వెనుకకు పోతే, 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర తన బంగళాలో పండితులను పెట్టి, వారికి సొంత జీతములోనుండి జీతములిచ్చి, చాలనప్పుడు అప్పులు చేసి, తెలుగు గ్రంథముల ప్రతులను సేకరించి పరిష్కరింపజేసెను. వేమన పద్యములను 1829లో అచ్చు వేయించెను. ఆ బంగళా ఉన్న చోటనే నేడు ఆయన పేరిట గ్రంథాలయమున్నది. ఆ పండితులు ఆ పనికి పూర్తిగా కూర్చొనగలిగినది వారి ఇంటి కూటికి లోటు లేనందున గదా! అయితే ఒక్క మనుష్యుని జేబు మీద ఎంతకాలము ఆధారపడగలము? కర్నూలు కడప కాలువను 1860లలో ఒక కంపెనీ తవ్వించి నడపలేకపోగా, 1882లో ప్రభుత్వమే తీసుకొనవలసి వచ్చినది. అందరికి అవసరమై, ఒక్కరికి గిట్టుబాటు కానిది అందరి సొమ్ముతోనే నిలువవలెను. కళయు అటువంటిదే అని మాకు తోచినది.

ఇక దరఖాస్తు సంగతి. ఐదేండ్ల శిక్షణకు రుజువు కావలెను. మాస్టరుగారు నవ్వి, “నేను ఎవురికీ రసీదులియ్యలేదు గదప్పా!” అన్నారు. అప్పుడు వారి ఇంటి అవ్వ లోపలికి పోయి ఒక రేకుపెట్టె తెచ్చినారు. దానినిండ నాటకముల కరపత్రములు! ఆకుపచ్చవి, గులాబివి, చెదలు తిన్నవి. మావాని పేరు అచ్చయినవి ఏడు దొరికినవి. తీరా చూస్తే వాటి మీద తేది, వారము, వేళ ఉన్నవి గాని సంవత్సరము లేదు. రేపటి నాటకమునకు సంవత్సరము ఎవరు అచ్చు వేస్తారు? ఒక కరపత్రముపై “ఏప్రిల్ 14, ఆదివారము రాత్రి” అని ఉన్నది. అది చూడగానే మాకు జ్ఞాపకము వచ్చినది. ఆనాడు మట్టల ఆదివారము. వాడు ఉదయము మట్ట పట్టుకొని గుడికి వచ్చి, మధ్యాహ్నము బస్సెక్కి నాటకమునకు పోయినాడు. అది 2019. మిగిలిన వాటికి పాత క్యాలెండర్లు ముందు పెట్టుకొని, తేదికి వారము సరిచూచి సంవత్సరములు పట్టినాము. 2020, 2021 సంవత్సరములకు ఒక్క కాగితమూ లేదు. కరోనా వలన ఎక్కడను నాటకములు లేవు. ఆ రెండేండ్లు వాడు ఫోనులోనే పాఠము నేర్చుకున్నాడు. ఆ సంగతిని ఉన్నదున్నట్లు రాసినాము.

తరువాత గురువుగారి లేఖ. వారు చెప్పుచుండగా మేము రాసినాము. గొంతు మంచిది, తాళము తప్పడు, క్రమము గలవాడు అని నాలుగు మంచిమాటలు రాసి చదివి వినిపించగా ఆయన తల అడ్డముగా ఊపినారు. “వానికి ఏమేమి రాదో అది గూడా రాయండి. అంతా వచ్చిందంటే దుడ్డు ఎందుకిస్తారు?” అన్నారు. అప్పుడు ఆయనే ఒక్కొక్కటి చెప్పినారు: ఫలానా రాగములలో ఆలాపన నిలువదు, హార్మోనియము ఎడమచేతి పని నేర్వవలెను, దీర్ఘ సంభాషణలో ఊపిరి చాలదు, ఇంకను నలభై పద్యములు కలవు. ఆ మాటలనే రెండేండ్లకు అభ్యాస ప్రణాళికగా రాసినాము. సంవత్సరములుగా ఆయన మనస్సులోనే ఉన్న విద్య మొదటిసారి కాగితము మీదికి వచ్చినది. అది చూచి అవ్వ కొంగుతో కండ్లు తుడుచుకొన్నారు.

నిపుణుల ఎదుట ప్రదర్శనకు మావానికి పిలుపు వచ్చినది. పోయి పాడి వచ్చినాడు. ఎంపికైన వారి పట్టికలో పేరు లేదు. బెంగుళూరు ఉద్యోగము అప్పటికే చేయి జారినది. ఆ రాత్రి మా ఇంట ఎవరికిని మాట పెగలలేదు. మాస్టరుగారికి ఫోను చేయగా, “మన పక్క ఆయకట్టు చివరిది నాయనా. నీళ్లు ఆలస్యంగా వస్తాయి. అట్లని పూడిక తీయకుండా ఉంటామా?” అన్నారు. సుంకేసుల నుండి సుమారు 300 కిలోమీటర్లు వచ్చే కాలువకు చివర ఉన్న మాకు ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

మావాడు ఇప్పుడు పగలు ఒక మందుల అంగడిలో పనిచేయుచు శని ఆదివారములు మాస్టరుగారి వద్దకు పోవుచున్నాడు. ఎడమచేతి పని పట్టుబడినది. వానికి 24 ఏండ్లు. ఈ వేతనమునకు ఇంకొక్క అవకాశమే ఉన్నది. మరల దరఖాస్తు పెట్టుచున్నాము. అది కాకపోతే ఫెలోషిప్ వయస్సు వచ్చును. అరవై దాటిన పేద కళాకారులకు కేంద్రము నెలకు 6,000 రూపాయల వరకు ఇచ్చే సహాయమొకటి ఉన్నది. ఆ రేకుపెట్టెలోని కాగితములతోనే మాస్టరుగారి కొరకు కూడ అర్జీ సిద్ధమగుచున్నది.

పాఠకులారా, మన సంఘములలో డప్పు వాయించువారు, పాడువారు, బొమ్మలు వేయువారు ఎందరో ఉన్నారు. డప్పు కళాకారులకు మన రాష్ట్రములో 2024 జూలై నుండి పింఛను నెలకు 4,000 రూపాయలైనది. మీ ఎరుకలో అర్హులుంటే చెప్పండి. వారి కరపత్రములను, ఫోటోలను దాచిపెట్టండి. వెనుక సంవత్సరము రాయండి. గురువు బ్రతికి ఉండగానే ఆయన నోటి మాట రాసి సంతకము తీసుకొనండి. చదువు వచ్చిన వారు ఒక సాయంత్రము కూర్చొని ఒకరి అర్జీ నింపిపెట్టండి. కాలువ తవ్వుట ప్రభుత్వపు పని గాని, మడికి నీరు తిప్పుకొనుటకు పార పట్టవలసినది మనమే.