చలికాలానికే లెక్క కట్టాను

హైదరాబాద్‌లో మా డాబా మీద సోలార్ వాటర్ హీటరు పెట్టించేముందు అమ్మేవాళ్లు ఒక లెక్క చూపించారు. రోజుకు 100 లీటర్లు, ఏడాదికి 365 రోజులు, ఇంత మిగులు. సగం వరకు నిజమే. 100 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచాలంటే నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. కానీ మే నెలలో వేణ్ణీళ్లు ఎవరికి కావాలి? మధ్యాహ్నం పూట చన్నీళ్ల కుళాయే చెయ్యి కాలుస్తుంది. గీజరు వెయ్యని నెలల్లో సోలారు మిగిల్చేదేమీ ఉండదు.

అందుకని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే లెక్క కట్టాను. వానాకాలాన్ని వదిలేశాను. ముసురు పట్టిందంటే నీళ్లు గోరువెచ్చగా కూడా రావు, గీజరు ఉండాల్సిందే. ఇంకో మెలిక కరెంటు బిల్లు శ్లాబులది. చలికాలంలో ఏసీలు ఆగిపోతాయి, వాడకం కింది శ్లాబుకు దిగుతుంది. అప్పుడు ఆదా అయ్యే యూనిట్ ధర వేసవి యూనిట్ ధర కన్నా తక్కువ. కొనేవాళ్లు తప్పకుండా చూసుకోవాల్సింది ఇదే.

200 లీటర్లది వద్దని 100 లీటర్లదే తీసుకున్నాను. ట్యాంకును సరిగ్గా బాత్‌రూమ్‌కు పైనే పెట్టించాను. పైపు ఎంత పొడుగుంటే అందులో రాత్రంతా నిలిచి చల్లారే నీళ్లు అన్ని. ఇప్పటికీ పొద్దున కుళాయి తిప్పితే ముందు చన్నీళ్లే వస్తాయి, కాసేపటికి గోరువెచ్చగా, ఆపైన ఒక్కసారిగా పొగలు కక్కుతూ. ఆ మొదటి నీళ్లను అమ్మ బకెట్లో పట్టి కరివేపాకు చెట్టుకు పోస్తుంది.

వేణ్ణీళ్లు వాడుకున్న కొద్దీ ట్యాంకులోకి అడుగు నుంచి చన్నీళ్లు చేరతాయి. సాయంత్రం పిల్లలు విచ్చలవిడిగా పోసుకుంటే, తెల్లవారుజామున పూజకు ముందు అమ్మ స్నానానికి వేడి చాలదు. రాత్రి ఎండ ఉండదు కదా! అందుకే డిసెంబరులో పిల్లల స్నానాలు బడి నుంచి రాగానే ఒక్క బకెట్‌తో అయిపోవాలి. మా ఇంట్లో అందరం ఒప్పుకున్న పద్ధతి ఇది.

మావి బోరు నీళ్లు. వేడెక్కితే తెల్లగా పెచ్చు కడతాయి. రాగి గొట్టాలున్న రకంలో ఆ పెచ్చు లోపలి దారినే మూసేస్తుంది. గాజు గొట్టాలనైతే విప్పి కడుక్కోవచ్చు, అందుకే అవి ఎంచుకున్నాను. ఏటా ఆ కడిగించే కూలిని, ఎప్పుడైనా గొట్టం పగిలితే కొత్తదాని ఖరీదును కూడా మిగులులోంచి తీసేశాను. అలా చూస్తే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి, అమ్మేవాళ్లు చెప్పిన గడువుకు మూడు రెట్లకు పైగా పడుతుందని తేలింది. దానికి సిద్ధపడే కొన్నాను.