గోడౌన్‌లో లెక్కపెట్టిన 32



డీజే అంటే మన సోమశిల వైపు తెలిసింది ఒక్కటే. వినాయక నిమజ్జనానికి ట్రాక్టర్ మీద కట్టే బాక్సులు, అదిరే కిటికీలు. నాకూ అంతే తెలుసు. అందుకే పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి బాబు వాళ్లమ్మతో, "ఎప్పుడూ హెడ్‌ఫోన్లే. డీజే పిచ్చిలో పడ్డాడమ్మా, ఫోన్ తీసేసుకోండి" అన్నాను. వాడి రఫ్ నోట్సు చివరి పేజీల నిండా 4, 8, 16, 32 అని వరసలు. అవేంటని అడగకుండానే ఎర్రపెన్నుతో కొట్టేశాను.

దసరా సెలవుల్లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా చెల్లెలు నన్నొక ప్రోగ్రామ్‌కి లాక్కెళ్లింది. పాత గోడౌన్, రేకుల కప్పు. మెలోడిక్ డీప్ హౌస్ సంగీతమట. చెవుల్లో దూది పెట్టుకుని వెళ్లాను. (దూది చాలదు, ఇయర్‌ప్లగ్స్ కావాలి. ఇలాంటి చోట్ల సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.)

మొదటి పది నిమిషాలూ ఏమీ జరగలేదనిపించింది. నిమిషానికి సుమారు 120 చొప్పున ఒకటే దెబ్బ. దాని మీదికి ఒక చిన్న రాగం ఎప్పుడొచ్చి చేరిందో తెలియలేదు. డీజే ఒక చెవికి హెడ్‌ఫోన్ ఆనించుకుని, మాకింకా వినపడని తర్వాతి పాట వింటున్నాడు. రెండింటి వేగం, శ్రుతి కలిశాకే దాన్ని మెల్లగా బయటికి వదులుతున్నాడు. టీచర్ బుద్ధి కదా, లెక్కపెట్టాను. కొత్త వాయిద్యం వచ్చినా, ఉన్నది ఆగినా, దాదాపు ప్రతిసారీ 32 దెబ్బలకే.

అప్పుడు గుర్తొచ్చింది ఆ రఫ్ నోట్సు.

వచ్చాక చదివాను. 1977లో షికాగోలో మొదలైన 'వేర్‌హౌస్' అనే క్లబ్ పేరు నుంచే 'హౌస్' వచ్చిందంటారు. అక్కడ డీజే ఫ్రాంకీ నకుల్స్. మన దేశంలో 1982లోనే చరణ్‌జిత్ సింగ్ అనే ముంబై సంగీతకారుడు పది హిందుస్తానీ రాగాలను డిస్కో దెబ్బ మీద సింథసైజర్‌తో వాయించి రికార్డు చేశారు. అందులో యమన్ ఉంది, మన కల్యాణికి దగ్గరి రాగం. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తల్లికి ఫోన్ చేశాను.

"మీరే గదా మేడమ్ తీసుకోమంది. బీరువాలో పెట్టి తాళం వేసినా. వాడు మళ్లా అడగనే లేదు" అన్నారు.

అడగనే లేదన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. "తప్పు నాదేనమ్మా. ఆదివారం ఒక గంట ఇవ్వండి, సౌండ్ మాత్రం తగ్గించి వినమనండి" అన్నాను.

సోమవారం వాడి బెంచీ దగ్గర ఆగి, 32 లెక్కపెట్టేలోపు రెండుసార్లు తప్పిపోయానని చెప్పాను. చాలాసేపు తలెత్తలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "నాలుగు నాలుగుగా లెక్కపెట్టండి మిస్, తప్పిపోరు."