విమానములో జొన్నరొట్టె



తాండూరు నుండి ఉదయపు రైలులో బయలుదేరినవారి వెంట కొంతదూరము బండల దుమ్ము కూడా వస్తుంది. నాపరాళ్ళు కోసి నునుపు చేసే యూనిట్లు దాటిన తరువాత కంది చేలు మొదలవుతాయి. ఈ నేలలో పండే తాండూరు కందిపప్పు పేరు ఎరుగనివారు లేరు. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ దారిలో మేము ఎన్నిమార్లు ప్రయాణము చేశామో లెక్కలేదు. అయినా ఒక ప్రయాణమును మాత్రము మరువలేకున్నాము.

మా సంఘములో ఒక విధవరాలున్నది. అరువది దాటిన వయస్సు, చక్కెర వ్యాధి. ఆమె ఒక్కగానొక్క కుమారుడు వేలూరు క్రైస్తవ ఆసుపత్రిలో ఉన్నాడు. మరునాడే ఆపరేషను అని కబురు వచ్చింది. రైలులో వెళితే సమయానికి చేరలేము. సంఘస్థులు తలా కొంత వేసి, ఆ తల్లికి, తోడుగా వెళ్ళుటకు మా ఇద్దరికి, హైదరాబాదు నుండి చెన్నైకి విమానపు టిక్కెట్లు కొన్నారు. ఆమె విమానము ఎక్కడము అదే మొదటిసారి. నిజము చెప్పవలెనంటే మాకును అది రెండవసారి మాత్రమే.

రైలులో మా ఎదుట బండల పని చేసే ఒక కుటుంబము కూర్చున్నది. రుక్మాపూర్ దాటగానే వారు సద్దిమూట విప్పారు. విప్పిన చేయి ముందు మావైపు చాపి, "తినుండ్రి అయ్యా" అన్నారు. మేము ఎవరమో వారికి తెలియదు, అడుగలేదు కూడా. తరువాత ధారూర్ స్టేషను వచ్చింది. 1923 నుండి అక్కడ జరుగుచున్న క్రైస్తవ జాతరకు మీలో అనేకులు వెళ్ళియుంటారు. చెట్ల క్రింద డేరాలు, మూడు రాళ్ళ పొయ్యిలు, ఒకరి కూర మరొకరి విస్తరిలో. ప్రసంగములు మరచిపోయినవారు కూడా ఆ భోజనము మరువరు.

వికారాబాదులో దిగాము. అనంతగిరి కొండలమీద మంచు ఇంకా విడువలేదు. మూసీ నది పుట్టినది ఆ కొండలలోనే. సంఘపు యువకుడొకడు కారుతో సిద్ధముగా ఉన్నాడు. చేవెళ్ళ మీదుగా శంషాబాదు చేరాము.

ఇక మా తప్పు ఒప్పుకొనవలసిన చోటికి వచ్చాము. ఆ తల్లి చేతిలో ఒక గుడ్డమూట ఉన్నది. కొడుకు కొరకు తెల్లవారకముందే లేచి చేసిన జొన్నరొట్టెలు, పల్లికారము. సామాను ఇచ్చే చోట మేము, "ఈ మూట పెద్ద బ్యాగులో పెట్టుదాము అమ్మా, లోపలికి రానిస్తారో లేదో" అన్నాము. అది సాకు మాత్రమే. ఇంటి రొట్టెలను ఎవరూ ఆపరు. అంతమంది చదువుకున్నవారి నడుమ గుడ్డమూట విప్పితే ఏమనుకుంటారో అని మాకు సిగ్గు కలిగింది. ఆమె మారు మాటాడక మూట ఇచ్చివేసింది. అది బ్యాగులోనికి, బ్యాగు విమానపు అడుగుభాగములోనికి వెళ్ళిపోయింది.

విమానము లేచిన కొంతసేపటికి, పనిచేసే అమ్మాయి చిన్న బండి తోసుకొని వచ్చింది. ఆ తల్లి ముఖము వికసించింది. పొరుగింటివారు "విమానంల అన్నం పెడ్తరు" అని ఎప్పుడో చెప్పియున్నారు. ఆ మాట నమ్మి ఆమె ఉదయము మాత్ర వేసికొని, ఏమియు తినక వచ్చింది. మేము అడుగలేదు, చెప్పలేదు. ఆమె చేయి చాచి ఒక పొట్లము తీసికొన్నది. ఆ అమ్మాయి మర్యాదగానే ధర చెప్పింది. మూడు వందల పైమాట. ఆ తల్లి పొట్లమును రెండు చేతులతో తిరిగి ఇచ్చివేసింది.

మేము డబ్బు తీయబోయాము. ఆమె మా చేయి పట్టుకొని, "వద్దు అయ్యగారూ, గన్ని పైసలు పెట్టి తింటే నాకు అరుగది. సంగం పైసలు, పిల్లగాని మందులకు ఉండనియ్యుండ్రి" అన్నది. మేము ఇంకను బ్రతిమాలక ఊరకుంటిమి. కొంతసేపటికి ఆమె నుదుట చల్లని చెమట పట్టింది, చేతులు వణకసాగాయి. అప్పుడు కిటికీ ప్రక్కన కూర్చున్న ఒక కాలేజీ అమ్మాయి తన సంచిలోని స్టీలు డబ్బా తెరచి, "అవ్వా, మా అమ్మ చేసిన చపాతి, తిను" అని నోటికి అందించింది. విమానపు అమ్మాయి పరుగున వెళ్ళి చక్కెర కలిపిన నీళ్ళు తెచ్చింది, దానికి డబ్బు అడుగలేదు. పది నిమిషములలో ఆమె తేరుకున్నది. ప్రభువునకు స్తోత్రము.

ఇంటికి వచ్చిన తరువాత ఈ సంగతి విచారించాము. విమానములో భోజనము మొదట ఉచితము కాదట. 1919లో లండను నుండి పారిస్ వెళ్ళే విమానములో మూడు షిల్లింగులకు ఒక భోజనపు పెట్టె అమ్మారు. తరువాతి కాలములో టిక్కెట్టుతోనే భోజనము పెట్టడము వాడుక అయినది. మన దేశములో 2003లో ఎయిర్ డెక్కన్, 2006లో ఇండిగో చౌక టిక్కెట్లతో వచ్చి, భోజనమును టిక్కెట్టు నుండి వేరుచేశాయి. వంటకు ఖర్చు, బరువుకు ఇంధనము, దిగిన తరువాత శుభ్రము చేయుటకు సమయము, ఇవన్నీ మిగిలితే టిక్కెట్టు తగ్గించవచ్చుననేది వారి లెక్క. 2017లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వంటి పెద్ద సంస్థ కూడా దగ్గరి ప్రయాణములలో సామాన్య తరగతివారికి ఉచిత ఆహారము మానివేసి అమ్మకము మొదలుపెట్టింది. కోవిడ్ దినములలో, 2021 ఏప్రిల్ నుండి నవంబరు వరకు, రెండు గంటలలోపు ప్రయాణములలో భోజనమే ఉండరాదని మన ప్రభుత్వము ఆజ్ఞ ఇచ్చింది.

కాబట్టి మేము విమాన సంస్థలను నిందించుటలేదు. చౌక టిక్కెట్టు లేకపోతే ఆ తల్లి తన కుమారుని ఆపరేషనుకు ముందు చూచియుండేది కాదు. అయితే ఒకే వరుసలో, మోచేయి మోచేయి తగులుచుండగా, కొనగలిగినవాడు తినడము, కొనలేనివాడు కిటికీవైపు చూడడము కొత్తగా వచ్చిన సంగతి. కొరింథు సంఘములో కలిగినవారు ముందుగా తిని, లేనివారు ఆకలితో ఉండినందుకు అపొస్తలుడైన పౌలు ఎంత కఠినముగా వ్రాసెనో మనకు తెలుసు. విమానపు సంస్థకు ఆ ఉత్తరము వ్రాయబడలేదు, సంఘమునకు వ్రాయబడింది. టిక్కెట్టులోనుండి భోజనము తీసివేయుట వారి చేతిలో ఉన్నది. ప్రక్కవానివైపు చేయి చాపుట మన చేతిలో ఉన్నది.

సారెపతులోని విధవరాలు దైవజనునికి అప్పము చేసి పెట్టింది. మేమైతే ఒక విధవరాలి రొట్టెను ఆమె చేతిలోనుండి తీసివేశాము. ఆ అమ్మాయి ఏ దేవుని మ్రొక్కునో మేము అడుగలేదు. మేము చేయవలసిన పని ఆమె చేసింది.

మన పల్లెలనుండి ఇప్పుడు వైద్యమునకు, పిల్లల చదువులకు, ఉద్యోగములకు అనేకులు విమానమెక్కుచున్నారు. పెద్దవారిని పంపేటప్పుడు ముందుగానే ఈ సంగతులు చెప్పండి. భోజనము టిక్కెట్టులో ఉన్నదో లేదో అడిగి తెలిసికొనండి. రొట్టె, చపాతి వంటివి చేతి సంచిలోనే ఉంచండి. చక్కెర వ్యాధి ఉన్నవారు తినకుండ మాత్ర వేసికొనరాదు. మంచినీళ్ళు అడిగితే ఇస్తారు, సిగ్గుపడనక్కరలేదు. దగ్గరి ప్రయాణములో విమానము రెండు గంటలు లేక అంతకు మించి ఆలస్యమైతే ఆహారము ఇవ్వవలెనని ప్రభుత్వ నియమమున్నది. అడిగి తీసికొనండి.

చెన్నైలో దిగి సామాను కొరకు నిలిచియున్నాము. బ్యాగు రాగానే ఆ తల్లి తన మూట వెదకి తీసింది. అక్కడే ఒక ప్రక్కన కూర్చుండి విప్పింది. రొట్టెలు గట్టిపడినవి. కొడుకు కొరకు రెండు విడిగా కట్టి, మిగిలినది త్రుంచి, పల్లికారము అద్ది, మొదటి ముక్క మా చేతిలో పెట్టింది. "మీరు గూడ పొద్దుగాల నుంచి ఏం తినలే గదా అయ్యగారూ" అన్నది.

అది నిజమే. మమ్మును ఆమె గమనించింది. మేము ఆమెను గమనించలేదు. చుట్టూ జనము వచ్చుచు పోవుచుండగా అక్కడే నిలుచుండి తిన్నాము. ఈసారి సిగ్గు కలుగలేదు.

ప్రభువు కృపవలన కుమారుడు కోలుకొని ఇంటికి వచ్చియున్నాడు. ఐదు రొట్టెలు దాచుకొనక ప్రభువు చేతికిచ్చిన ఆ చిన్నవాని మనస్సు మనకందరికిని కలుగునుగాక. ఆమేన్.