తేటదనం వెల

పొట్లం చేతికి రాగానే ఆకుపచ్చ చుక్క కోసం వెతకడం ఢిల్లీ చుట్టుపక్కల కాపురం ఉండే శాకాహారులకు అలవాటైపోతుంది. నోయిడాలో బిస్కెట్లు కొన్నా, గురుగ్రామ్‌లో నూడుల్స్ కొన్నా నా చూపు ముందు ఆ మూలకే పోతుంది. వైన్ సీసా మీద మాత్రం ఆ చుక్క కనబడదు. మద్యం ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక ఉంటుంది, ఆల్కహాల్ ఎంత శాతమో ఉంటుంది, తయారైన ఊరు ఉంటుంది. శాకాహారమా కాదా అన్నది ఉండదు. 2020 నాటి లేబులింగ్ నిబంధనలు మద్యానికి ఆ గుర్తు అక్కర్లేదని మినహాయింపు ఇచ్చాయి. ద్రాక్షరసం పులిస్తే వచ్చేదే కదా, అందులో జంతువు ప్రసక్తి ఎక్కడిది అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ప్రశ్న వెంట వెళ్తే నాకు దొరికిన పాఠం వైన్‌తో ఆగేది కాదు. అందుకే రాస్తున్నాను.

పులవడం ఆగిన కొత్త వైన్ మసకమసగ్గా ఉంటుంది. పని ముగించిన ఈస్ట్, తొక్కల నుంచీ గింజల నుంచీ దిగిన వగరు టానిన్లు, పండులోని ప్రోటీన్లు అందులో తేలుతుంటాయి. కదపకుండా చల్లటి చోట ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైతేటను వేరే పీపాలోకి వంచుకోవచ్చు. దానికి నెలలు పడుతుంది. అంతవరకూ పీపా ఖాళీ కాదు, సరుకు దుకాణానికి చేరదు, పెట్టిన డబ్బు తిరిగి రాదు. పైగా కొన్ని ప్రోటీన్లు ఎన్నాళ్లున్నా దిగవు. సీసా వేడెక్కిన రోజున మళ్లీ మసక కమ్ముతుంది. అందుకని ఆ మడ్డిని త్వరగా లాగేసే పదార్థం ఏదో ఒకటి కలుపుతారు.

ఆ పదార్థాల్లో పాతకాలం నుంచీ వస్తున్నవి చాలావరకు జంతువులవే. కోడిగుడ్డు తెల్లసొన, పాలలోని కేసిన్, పశువుల ఎముకలూ చర్మమూ ఉడికించి తీసే జెలటిన్, చేప కడుపులోని గాలితిత్తిని ఎండబెట్టి చేసే ఐసిన్‌గ్లాస్. ఒకప్పుడు ఫ్రాన్సులో ఎద్దు రక్తాన్ని ఎండబెట్టిన పొడి కూడా వాడారు. పిచ్చి ఆవు వ్యాధి భయం పుట్టాక 1990ల్లో ఐరోపా దాన్ని నిషేధించింది.

ఫ్రాన్సులోని బోర్డోలో ఈ పని ఇప్పటికీ చేతులతో చేసేవాళ్లున్నారు. 225 లీటర్ల ఓక్ పీపా ఒక్కోదానికి ఐదారు గుడ్లు పగలగొడతారు. పచ్చసొన పక్కన పెట్టి, తెల్లసొనలో చిటికెడు ఉప్పు వేసి, నురగ లేవకుండా మెల్లగా చిలికి పీపాలో పోస్తారు. తెల్లసొన ప్రోటీన్‌కు ధనావేశం, టానిన్‌కు రుణావేశం. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని, బరువెక్కి, అడుక్కి దిగిపోతాయి. కొన్ని వారాల తర్వాత పైనున్న ఎర్రటి తేటను వంచుకుంటారు. మిగిలిపోయిన పచ్చసొనలతోనే ఆ ఊరి పేరున్న తీపి వంటకం కానెలె పుట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

వాడిన తెల్లసొన మడ్డితోపాటే వెళ్లిపోతుంది. సీసాలో మిగిలితే జాడమాత్రంగా మిగులుతుంది, లేదంటే అదీ ఉండదు. కాబట్టి అది ‘దినుసు’ కాదు, తయారీలో వాడి తీసేసిన సాధనం మాత్రమే అని పరిశ్రమ అంటుంది. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ కోడి గుడ్డు పెట్టింది, చేప ప్రాణం పోయింది, పశువు చర్మం ఉడికింది. సీసాలో కనబడకపోయినంత మాత్రాన ఇవి జరగకుండా పోవు. నేను నేర్చుకున్నది ఇదే: వస్తువులో ఏముందని అడిగితే సగం జవాబే వస్తుంది. అది ఎలా తయారైందని అడిగినప్పుడే మిగతా సగం బయటపడుతుంది.

ఇది తినే స్వీటుకూ వర్తించే సంగతేనని పాతఢిల్లీ చెబుతుంది. బర్ఫీ మీద మెరిసే వెండి రేకును సంప్రదాయంగా పశువుల పేగు పొరల మధ్య పెట్టి, సుత్తితో గంటల తరబడి కొట్టి పలచన చేసేవారు. రేకులో ఉన్నది వెండే. పేగు పొర మిఠాయి దాకా రాదు. అయినా సంగతి తెలిశాక ఆ బర్ఫీని మునుపటిలా నోట్లో వేసుకోలేని శాకాహారులు ఎందరో. యంత్రాలతో చేసిన రేకును వాళ్లు ఏరికోరి అడగడం మొదలుపెట్టింది అందుకే.

ఈ ప్రశ్న ఢిల్లీ హైకోర్టు దాకా కూడా వెళ్లింది. రామ్ గౌ రక్షా దళ్ అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో జస్టిస్ విపిన్ సంఘీ, జస్టిస్ జస్మీత్ సింగ్ 2021 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చారు. నూడుల్స్‌లో, చిప్స్‌లో రుచి పెంచడానికి వేసే డైసోడియం ఇనోసినేట్ చేప నుంచో మాంసం నుంచో రావచ్చు. పొట్లం మీద మాత్రం ఈ631 అన్న అంకె ఒక్కటే కనబడుతుంది. తినేవాడికి తానేం తింటున్నాడో తెలుసుకునే హక్కుందని, పరిమాణం ఎంత చిన్నదైనా ప్రతి దినుసూ మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా, ప్రయోగశాలలో తయారైందా రాసి తీరాలని కోర్టు చెప్పింది. మరుసటి ఏడాది ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వీగన్ ఆహార నిబంధనలు తెచ్చింది. వీగన్ అని చెప్పుకోవాలంటే దినుసుల్లోనే కాదు, తయారీలో ఏ దశలోనూ, వాడి తీసేసే సాధనాల్లో కూడా జంతు సంబంధమైనదేదీ ఉండకూడదని అవి స్పష్టంగా చెప్పాయి. 2006 చట్టం ప్రకారం మద్యమూ ఆహారమే. అంటే వైన్ సీసా మీద వీగన్ ఆహారానికి ఇచ్చే ఆకుపచ్చ ‘వి’ గుర్తు వేసుకునే దారి తెరిచే ఉంది. తయారీదారు పూనుకోవాలి.

పూనుకోవడం అంత కష్టమూ కాదు. అగ్నిపర్వతాల బూడిద నుంచి ఏర్పడిన బెంటొనైట్ అనే మట్టి, వైన్‌లోని ప్రోటీన్లను పట్టుకుని అడుక్కి దించుతుంది. లీటరుకు గ్రామో, అరగ్రామో చాలు. ఆ మట్టి మనకు కచ్‌లోనూ బాడ్‌మేర్‌లోనూ దండిగా దొరుకుతుంది. బఠాణీ ప్రోటీన్, బంగాళాదుంప ప్రోటీన్ తెల్లసొన పని చేస్తున్నాయి. మన పల్లెల్లో వానాకాలం చెరువునీళ్లు ఎర్రగా వస్తే బిందె లోపలి గోడకు చిల్లగింజను అరగదీసేవారు. కాసేపటికి బురద అడుక్కి దిగి నీళ్లు తేరుకునేవి. చెట్టు గింజ చేసిన ఆ పనినే బోర్డోలో గుడ్డుకు అప్పగించారు. జీవహింస లేని తేట మనకు కొత్త విద్య కాదు. ఇక తేటే అక్కర్లేదనుకుని, మడ్డిని కాలానికి వదిలేసి, అడుగున కాస్త నలుసు కనబడినా సరేనని అమ్మే వైన్ తయారీదారులూ ప్రపంచమంతటా ఉన్నారు.

అయితే వీగన్ అన్న ముద్రతో లెక్క తీరిపోదు. ద్రాక్షతోట అంటే తెగుళ్లతో పోరాటం. మన రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే బోర్డో మిశ్రమం 1880ల్లో ఆ బోర్డో ద్రాక్షతోటల్లోనే పుట్టింది. సేంద్రియ సాగులోనూ దానికి అనుమతి ఉంది. కానీ అందులోని రాగి నేలలో పేరుకుంటుంది, వానపాములకు చేటు చేస్తుంది. అందుకే ఐరోపా హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగి దాటకూడదని హద్దు పెట్టింది. గుడ్డు వాడని సీసా కోసం మట్టిలోని ప్రాణులను చంపుకుంటే అది అహింస అవుతుందా?

ఈ ప్రశ్నకు ఢిల్లీలోనే ఒక జవాబు ఉంది. పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1990ల్లో ‘పూసా నవరంగ్’ అనే ద్రాక్షను విడుదల చేసింది. తొక్కే కాదు, రసమే ఎర్రగా ఉండే పండు అది. పానీయాలకూ వైన్‌కూ పనికొస్తుంది. ఉత్తరాదిలో వానలు దిగకముందే పండుతుంది, ఆంత్రక్నోజ్ తెగులును తట్టుకుంటుంది. తెగులును తానే తట్టుకునే తీగకు మందు తక్కువ చాలు. లేబుల్ మీద ఎక్కడా కనబడకపోయినా నేలకు చేసే మేలు అసలైన మేలు.

దూరం కూడా లెక్కలోకి రావాలి. ఢిల్లీ అంగళ్లలోని దేశీ వైన్ ఎక్కువగా నాసిక్ నుంచి వెయ్యి కిలోమీటర్ల పైబడి లారీల్లో వస్తుంది. ఖాళీ సీసా ఒక్కటే అరకిలో దాకా తూగుతుంది, ఖరీదైనవి ఇంకా బరువు. వైన్ తయారీ వల్ల గాలిలోకి చేరే కర్బనంలో పెద్ద వాటా ఆ గాజుదే. సీసా బరువు తగ్గించడం, ఖాళీ సీసాను కబాడీవాలా చేతి నుంచి మళ్లీ కార్ఖానాకు చేర్చడం, నాసిక్ లాంటి చోట నీళ్లు పొదుపుగా పారించడం గుడ్డు మానేయడమంత ముఖ్యమైనవే.

మన కల్లు సంగతీ ఇలాగే చూడాలి. తాటికల్లు, ఈతకల్లు తెల్లగా, మసగ్గా ఉంటాయి. వాటిని తేట చేయమని ఎవరూ అడగలేదు. చెట్టు ఇచ్చిందే, గీత కార్మికుడు దించిందే. కానీ తెలంగాణలో అదే కల్లు పేరుతో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం కలిపిన నీళ్లు అమ్మితే మనుషుల ప్రాణాలు పోయాయి. జంతువు ప్రమేయం లేదన్న ఒక్క కారణంతో ఏదీ మంచిదైపోదు. ఎలా తయారైందన్న ప్రశ్న అక్కడా అడగాల్సిందే.

నేను ఎవరినీ వైన్ తాగమని చెప్పడం లేదు. తాగనివాళ్లకే ఈ ప్రశ్న ఎక్కువ అవసరం, ఎందుకంటే మనం తినే చక్కెర, మిఠాయి, మాత్ర పైపొర వెనకా ఇలాంటి తయారీ ఒకటి దాగి ఉండవచ్చు. ప్రభుత్వం మద్యానికి ఇచ్చిన మినహాయింపును తీసేయాలి. వైన్ తయారీదారులు అంతవరకూ ఆగక్కర్లేదు. బెంటొనైట్‌తో తేర్చామనో, తెల్లసొన వాడామనో సీసా వెనక ఒక్క వాక్యం రాస్తే చాలు, ఎంచుకునేది కొనేవాళ్లు ఎంచుకుంటారు. ఆ వాక్యం దానంతటదే రాదు. దుకాణంలో అడగండి, కంపెనీకి ఉత్తరం రాయండి, జవాబు వచ్చేదాకా మళ్లీ అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే చెప్పేవాళ్లు పెరుగుతారు.