నల్లరొట్టె, జొన్నరొట్టె

1965 ప్రాంతంలో నరసరావుపేటలో చదువుకునేటప్పుడు, మా నాయనమ్మ కట్టి పంపిన జొన్నరొట్టెల మూటను తోటివాళ్ల ముందు విప్పడానికి సిగ్గుపడేవాణ్ణి. కృష్ణా డెల్టా నుంచి వచ్చిన పిల్లలకు వరి అన్నం తినేవాడు నాగరికుడు. జొన్న తినేవాడు మోటువాడు. యీ వెక్కిరింత పాతదే. శ్రీనాథుడి పేర ప్రచారంలో వున్న చాటువుల్లోనే పల్నాటి జొన్నకూడు మీద యెత్తిపొడుపు వున్నది. తిండిని వెక్కిరించడమంటే దాన్ని పండించేవాణ్ణి వెక్కిరించడమే.

ఆ రోజుల్లోనే క్రొవ్విడి లింగరాజుగారు తెలుగు చేసిన గోర్కీ 'అమ్మ' చేతికి వచ్చింది. దాని వెంట మరికొన్ని రష్యన్ నవలలు చదివాను. వాటిలో మాటిమాటికీ నల్లరొట్టె కనిపించేది. అది రై పిండిని పులియబెట్టి కాల్చే రొట్టె. గోధుమ నిలవలేని చలిలోనూ, సారంలేని నేలలోనూ రై పండుతుంది. మా మెట్టచేలల్లో జొన్న వలెనే. యెండిన రొట్టె నానబెట్టి పులియబెడితే క్వాస్ అనే పానీయం. అది మా పులిసిన అంబలికి చుట్టం. ఉప్పువేసి వూరబెట్టిన క్యాబేజీ వాళ్లకు చలికాలమంతా ఆదరువు. మాకు నిలవ గోంగూర యెలాగో అలాగ. క్యాబేజీతో కాచిన ష్చీ, గ్రేచ్కా గింజలు వుడికించిన కాషా పల్లెవాళ్ల రోజువారీ భోజనం. అక్కడి ప్రభువులు మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి వంటవాళ్లను పెట్టుకున్నారు!

నా సిగ్గు పోయి, దాని స్థానంలో గర్వం వచ్చింది. సెలవులకు వెళ్లి నాయనమ్మకు యీ సంగతులన్నీ వల్లించాను. ఆమె రొట్టె తడుతూనే, "నలుపైతే యేంరా, తెలుపైతే యేం? పూటకు సరిపోయిద్దా, లేదా? అది చెప్పు" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. తరువాత లెనిన్‌గ్రాడ్ ముట్టడి గురించి చదివినప్పుడు ఆ ప్రశ్నే గుర్తుకు వచ్చింది. 1941 నవంబరు 20 నుంచి అక్కడ ఉద్యోగులకూ, పిల్లలకూ రోజుకు 125 గ్రాముల రొట్టె, కార్మికులకు 250. సిగ్గూ, గర్వమూ రెండూ కడుపు నిండినవాడి విలాసాలేనని అప్పుడు తెలిసింది.

1967లో సాగర్ నీళ్లు వచ్చాయి. పల్నాట వరి పండింది. సంగటి కుండలు అటకెక్కాయి. నేడు పట్నాల్లో జొన్నరొట్టెకు మళ్లీ మర్యాద దొరికింది. ఆరోగ్యానికి మంచిదని వెతుక్కుని మరీ కొంటున్నారు. సంతోషమే. తినేవాడికి మర్యాద వచ్చింది. కాని జొన్న పండించేవాడికి పూట గడుస్తున్నదా? నాయనమ్మ అడిగింది అదే.