చిల్లర డబ్బులతో నిలబెట్టుకున్న గ్రౌండు

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధిలో వాళ్ళందరూ అడిగేది ఒకటే, "కంగారూల్ని చూశారా?" అని. చూశాను, జూలో చూశాను. కానీ మెల్‌బోర్న్‌లో ఉన్న రెండు నెలల్లో నా మనసులో నిలిచిపోయింది కంగారూ కాదు. ఓ గ్రౌండు, ఆ గ్రౌండు కమ్మీ పక్కన మఫ్లరు చుట్టుకుని కూర్చున్న ఓ పెద్దావిడ.

మా చెల్లెలు వాళ్ళుండేది మెల్‌బోర్న్‌కి పడమటి వైపు. మన తెలుగువాళ్ళు చాలామంది ఆ వైపే ఇళ్ళు కొనుక్కున్నారు. నేను వెళ్ళింది జూలైలో. మనకి వానలు, వాళ్ళకేమో గజగజ వణికించే చలికాలం. ఓ శనివారం పొద్దున్నే మా చెల్లెలి కొడుకు ఎరుపు, తెలుపు, నీలం చారల మఫ్లరు మెడకి చుట్టుకుని, "పెద్దమ్మా, ఇవాళ నువ్వు ఫుటీకి రావాల్సిందే" అని కూర్చున్నాడు. ఈ చలిలో ఇంట్లో పకోడీలు వేసుకు తినక గ్రౌండుకెందుకురా అన్నాను. వింటేనా!

"వెళ్దాం అక్కా, వీడికి అక్కడే స్నేహితులు. నాకూ కాస్త మనుషులు కనిపిస్తారు" అంది మా చెల్లెలు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అంత పెద్ద ఇంట్లో అది పగలంతా ఒక్కతే. సరే పదమన్నాను. చేతిలో ఓ డబ్బాడు చేగోడీలు పట్టుకుని బయల్దేరాను.

బొప్పాయి పండులాంటి బంతి

మేం వెళ్ళింది ఫుట్‌స్క్రే అనే పేటలో ఉన్న విట్టెన్ ఓవల్‌కి. పక్కనే బార్క్‌లీ స్ట్రీట్. ఆ వీధి పొడుగునా మన దేశం హోటళ్ళే. కారు దిగగానే పోపు వాసన వచ్చి, ఒక్క క్షణం ఎక్కడున్నానో మరిచిపోయాను.

ఫుట్‌బాల్ అంటే మన టీవీల్లో వచ్చే ఆటే అనుకున్నాను. ఇది వేరు. బంతి ఓ మోస్తరు బొప్పాయి పండులా కోలగా ఉంటుంది. గ్రౌండు కూడా కోడిగుడ్డు ఆకారమే. ఒక్కో వైపు 18 మంది. బంతిని కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించొచ్చు. ఒకళ్ళ భుజాల మీదికి ఒకళ్ళెక్కి గాల్లో బంతిని పట్టుకుంటుంటే నా గుండె గొంతులోకొచ్చింది.

రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు పాతి ఉంటాయి. నడిమి రెండింటి మధ్యనుంచి బంతిని తన్నితే గోలు, 6 పాయింట్లు. గురి తప్పి పక్క స్తంభాల సందులోంచి పోతే సున్నా కాదు, 1 పాయింటు ఇస్తారు! జవాబు తప్పయినా స్టెప్పులకి మార్కు వేసే లెక్కల మాస్టారిలాగన్నమాట. అక్కడ నిలబడ్డ అంపైరు గోలయితే రెండు జెండాలు, తప్పితే ఒక జెండా ఊపుతాడు. ఆట నాలుగు భాగాలు. విరామంలో పిల్లలందరూ బిలబిలమంటూ గ్రౌండులోకి పోయి బంతులు తన్నుకుంటారు. మావాడూ పోయాడు.

ఆ విరామంలోనే ఆ పెద్దావిడ పరిచయమైంది. ఎప్పుడెళ్ళినా ఒకే చోట కూర్చుంటుందిట. మా చెల్లెల్ని చూడగానే పక్కకి జరిగి, ఒళ్ళో ఉన్న ఉన్ని దుప్పటి సగం మా మీద కప్పింది. ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. నేను చేగోడీలు పెట్టాను. "ఇది మా పై కంటే నయం" అంది నవ్వుతూ. పై అంటే లోపల వేడి వేడి మాంసం కూర కూరి కాల్చే కజ్జికాయలాంటిది. పైన టమాటా సాసు పోసుకుని చేత్తోనే తింటారు. నా ఇంటర్మీడియట్ ఇంగ్లీషుకి ఆవిడ మాటలు సగమే అర్థమయ్యాయి. మిగతా సగం మా చెల్లెలు చెప్పింది.

రేడియోలో విన్న గెలుపు

ఆవిడకి ఎనభై దాటాయి. పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది అన్నీ ఆ గ్రౌండు చుట్టుపక్కలే. ఫుట్‌స్క్రే అప్పట్లో ఫ్యాక్టరీల పేట. వాళ్ళ నాన్న కూడా ఫ్యాక్టరీ కార్మికుడే. వాళ్ళ టీము ఫుట్‌స్క్రే బుల్‌డాగ్స్. 1925లో పెద్ద లీగులో చేరితే, కప్పు రావడానికి 1954 దాకా పట్టింది. మెల్‌బోర్న్ టీముని 51 పాయింట్ల తేడాతో ఓడించారు. మెల్‌బోర్న్‌కి అప్పటికింకా టీవీ రాలేదు. నాన్న మ్యాచికి వెళితే, పదేళ్ళ ఈవిడ అమ్మతోపాటు వంటింట్లో రేడియో దగ్గర కూర్చుందిట. "నాన్న రాత్రి ఇంటికొచ్చేసరికి ఆయనకి గొంతు లేదు. మూడు రోజులు సైగలతోనే మాట్లాడాడు" అంటూ నవ్వింది.

ఆ రోజు ఆడినవాళ్ళలో 21 ఏళ్ళ కుర్రాడు టెడ్ విట్టెన్ ఒకడు. తర్వాత 1970 దాకా ఆ ఒక్క టీముకే 321 మ్యాచిలు ఆడాడు. గ్రౌండు ముందున్న విగ్రహం ఆయనదే. 1995లో జబ్బు చేసి, చూపు దాదాపు పోయాక, పెద్ద స్టేడియంలో కారులో కూర్చోబెట్టి జనం ముందు ఒక చుట్టు తిప్పారు. జనమంతా లేచి నిలబడి ఏడ్చారట. ఆ ఏడే ఆయన పోయాడు. వెస్టర్న్ ఓవల్ అనే పాత పేరు తీసి గ్రౌండుకి ఆయన పేరు పెట్టుకున్నారు.

డబ్బాలు పట్టుకుని ఇంటింటికీ

"మీరు చూసినవాటిలో మరిచిపోలేని మ్యాచి ఏది?" అని అడిగించాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అందరికంటే గట్టిగా ఆడిన మ్యాచిలో బంతే లేదు" అంది. అదేం మాటో నాకు అర్థం కాలేదు.

1989లో జరిగిన సంగతి. క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయింది. అక్టోబరులో హఠాత్తుగా, ఫుట్‌స్క్రేని ఫిట్‌జ్‌రాయ్ అనే మరో టీముతో కలిపేస్తున్నామని ప్రకటించారు. అంటే ఈ పేరూ ఉండదు, ఈ గ్రౌండులో ఆటా ఉండదు. పేటంతా శవం లేచిన ఇల్లులా అయిపోయిందిట. అప్పుడు ఐరీన్ చాట్‌ఫీల్డ్ అనే మామూలు అభిమాని, ఓ ఆడమనిషి, కోర్టుకెక్కింది. పీటర్ గోర్డన్ అనే లాయరు ముందు నడిచాడు. డబ్బు కూడగట్టుకోవడానికి క్లబ్బుకి దొరికిన గడువు కొద్ది వారాలే.

ఇహ చూడండి! ఆటగాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు అందరూ డబ్బాలు పట్టుకుని వీధిలోకొచ్చారు. ఇల్లిల్లూ తిరిగారు. ఈ గ్రౌండులోనే పెద్ద సభ పెడితే వేలమంది వచ్చారు. మన పెద్దావిడ కూడా చంటి మనవణ్ణి తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని తిరిగిందిట. "డబ్బున్నవాళ్ళ పేట కాదు మాది. నోట్లు తక్కువ, నాణేలు ఎక్కువ. సాయంత్రానికి డబ్బా బరువుకి చెయ్యి పీకేది" అంది. అలా అలా సుమారు 15 లక్షల డాలర్లు పోగయ్యాయి. కలపడం ఆగిపోయింది, టీము నిలబడింది. ఆ రేకు డబ్బా ఇప్పటికీ వాళ్ళింట్లో ఉందిట. అందులో బొత్తాలు, దారపుండలు పోసుకుంటోందిట. ఆ మాట విని నాకూ నవ్వొచ్చింది. ఏ దేశమైనా ఆడవాళ్ళం ఖాళీ డబ్బా పారెయ్యం కదా!

ఆ ఫిట్‌జ్‌రాయ్ సంగతి అడిగాను. వాళ్ళకి ఆ అదృష్టం లేకపోయింది. 1996లో బ్రిస్బేన్ టీముతో కలిపేశారు. "ఆ పేట వాళ్ళని చూస్తే ఇప్పటికీ ఏం మాట్లాడాలో తెలీదు" అంది ఆవిడ గొంతు తగ్గించి.

తండ్రి ఏడిస్తే కొడుకు తుడిచాడు

మా ముందు వరసలో ఓ పెద్దాయన ఇదంతా వింటూ, నాలుగో చేగోడీ తీసుకుంటూ మాటల్లోకి దిగాడు. ఆయనకి 1997 తప్ప ఇంకేదీ గుర్తు లేదట. అప్పటికి టీము పేరు వెస్టర్న్ బుల్‌డాగ్స్. అడిలైడ్‌తో సెమీఫైనల్ లాంటి మ్యాచి, గెలిస్తే ఫైనలు. చివరి భాగం మొదలయ్యేసరికి మనవాళ్ళు 20కి పైగా పాయింట్లు ముందున్నారు. టోనీ లిబరటోరె బంతి తన్ని, గోలయిందనుకుని చేతులెత్తి ఎగిరాడు. అంపైరు చూస్తే ఒక్క జెండానే ఊపాడు! చివరికి పోయింది 2 పాయింట్ల తేడాతో. "అది గోలే" అన్నాడాయన. "కాదు" అంది పెద్దావిడ. ఇన్నేళ్ళ తర్వాత కూడా వాళ్ళిద్దరూ ఆ బంతి ఎటు పోయిందో చేతుల్తో గాల్లో గీసి చూపిస్తూ వాదించుకున్నారు. ముందర జరుగుతున్న ఆటని ఇద్దరూ చూడనేలేదు.

చెప్పొద్దూ, నాకు అక్కడే ఒకటి తోచింది. గెలిచిన మ్యాచి గురించి రెండు మాటల్లో చెప్పేస్తున్నారు. ఓడిపోయింది మాత్రం పెళ్ళిలో జరిగిన గొడవలాగా తవ్వుకుని తవ్వుకుని చెప్పుకుంటున్నారు. బహుశా కలిసి బాధపడినవాళ్ళే ఎక్కువ కాలం కలిసుంటారేమో.

ఇక 2016. 62 ఏళ్ళ తర్వాత మళ్ళీ కప్పు. పట్టికలో ఏడో స్థానంలో ఉన్న టీము ఒక్కొక్కళ్ళనీ ఓడించుకుంటూ ఫైనలుకొచ్చి, అక్టోబరు 1న సిడ్నీని 89-67తో గెలిచింది. ఆ టీములో టామ్ లిబరటోరె ఉన్నాడు. అవునండీ, 1997లో ఎగిరి కూలబడ్డ ఆ టోనీ కొడుకే! పెద్దావిడ ఆ రోజు వాళ్ళ నాన్న ఫోటో సంచిలో పెట్టుకుని వెళ్ళిందిట. గెలిచాక అందరికీ పతకాలు ఇస్తుంటే, కోచ్ ల్యూక్ బెవరిడ్జ్ తన పతకం తీసి, మోకాలు దెబ్బతిని ఆ ఫైనలు ఆడలేకపోయిన కెప్టెన్ బాబ్ మర్ఫీని పిలిచి మెళ్ళో వేశాడు. ఇది చెబుతున్నప్పుడు ఆవిడా కళ్ళు తుడుచుకుంది, అనువాదం చెబుతున్న మా చెల్లెలూ తుడుచుకుంది. అది ఆ దేశం వెళ్ళకముందు జరిగినదానికి ఇదెందుకు ఏడుస్తోందా అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఆ కథలు వింటూ వింటూ అదీ ఆ పేట మనిషైపోయింది.

శాండ్‌విచ్‌లు కోసిన చేతులు

మగవాళ్ళ పెద్ద లీగు మ్యాచి ఈ గ్రౌండులో ఆఖరిసారి జరిగింది 1997లో. ఇప్పుడు అవి ఎక్కువగా సిటీలోని పెద్ద స్టేడియాల్లోనే. ఇక్కడ ఫుట్‌స్క్రే పేరుతో రెండో అంచె టీము ఆడుతుంది. 2017లో ఆడవాళ్ళ లీగు మొదలయ్యాక ఆడపిల్లల మ్యాచిలూ వచ్చాయి. మరుసటి ఏడాదే, 2018లో, బుల్‌డాగ్స్ అమ్మాయిలు బ్రిస్బేన్‌ని 6 పాయింట్ల తేడాతో ఓడించి కప్పు కొట్టారు. "మా రోజుల్లో ఆడవాళ్ళం ఇక్కడికొచ్చి శాండ్‌విచ్‌లు కోసేవాళ్ళం, జెర్సీలు ఉతికేవాళ్ళం. ఇప్పుడు నా మనవరాలు ఆడుతోంది, అల్లుడు ఉతుకుతున్నాడు" అంది పెద్దావిడ. ఆ మాట మా మరిదిగారికి కూడా వినిపించేలా నేను రెండుసార్లు తెలుగులో చెప్పాను.

మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి మెల్‌బోర్న్ వెళితే చలికాలంలో ఓ పూట ఇలాంటి చిన్న గ్రౌండుకి వెళ్ళండి. సిటీ నుంచి సన్‌బరీ లైను రైలెక్కి వెస్ట్ ఫుట్‌స్క్రే స్టేషన్‌లో దిగితే గ్రౌండు దగ్గరే. స్వెట్టరు మీద గాలి దూరని కోటు తప్పనిసరి, అక్కడి గాలి మామూలుది కాదు. చీర కట్టుకుంటే లోపల ఉన్ని లెగ్గింగ్స్, కాళ్ళకి మేజోళ్ళు వేసుకోండి. శాకాహారులైతే ఏదైనా కారప్పూస, చేగోడీలు పట్టుకెళ్ళండి. పక్కవాళ్ళతో మాట కలపడానికి అంతకంటే మంచి సాధనం లేదు.

లేచేటప్పుడు పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ ఊళ్ళో మీ గ్రౌండు ఏది?" అని అడిగింది. ఏం చెప్పను? మా వీధి చివర హైస్కూలు వెనక ఓ ఖాళీ స్థలం ఉండేది. సంక్రాంతికి అక్కడ కబాడీ పోటీలు పెట్టేవాళ్ళు. పక్క ఊరివాళ్ళతో ఆటలో మా అన్నయ్య ఆఖరి కూతకి వెళ్ళి, గీత ఓ వేలెడు దూరంలో దొరికిపోయిన రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. ఆ స్థలం ప్లాట్లయి చాలా ఏళ్ళయింది. రాళ్ళు పాతుతుంటే మేమందరం మేడ మీదనుంచి చూశాం. ఒక్కళ్ళం కూడా కిందికి దిగి అడగలేదు. "ఉండేదండీ" అని మాత్రం చెప్పించాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు, నా చెయ్యి మాత్రం కాసేపు వదల్లేదు.

ఇంటికి రాగానే అన్నయ్యకి ఫోను చేసి ఆ కూత సంగతి ఎత్తాను. ఎంత ఆశ్చర్యమో! "దొరకలేదే, గీత ముట్టుకున్నాను. ఆ రిఫరీ చూడలేదు" అన్నాడు ఠక్కున. ముప్పావుగంట మాట్లాడాడు. వదినగారు అన్నం చల్లారిపోతోందని పిలుస్తున్నా ఫోను పెట్టలేదు.

మీ ఊళ్ళో ఇంకా గ్రౌండంటూ మిగిలి ఉంటే, ఓ సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. అక్కడ ఎవరు గెలిచారో, ఎవరు గీత ముట్టుకోలేకపోయారో చెప్పండి. రేపెవరైనా రాళ్ళు పాతడానికొస్తే, ఆ కథ తెలిసినవాళ్ళే కదా కిందికి దిగి అడిగేది!